శని, ఆదివారాలను మీ ఇద్దరికీ దక్కించుకోవడం ఎలా?

కొత్తగా పెళ్లయి, హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో కాపురం పెట్టి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లివస్తున్న జంటల కోసం ఇది రాస్తున్నాను. శనివారం వచ్చేసరికి ఉతకాల్సిన బట్టలు, నిండుకున్న సరుకులు, తీరని నిద్ర, ఎవరిదో గృహప్రవేశం. అవన్నీ తెమిలేసరికి ఆదివారం సాయంత్రమవుతుంది. ఒకరు సోఫాలో, ఒకరు మంచం మీద, ఎవరి ఫోను వాళ్ల చేతిలో. ‘మనం ఎక్కడికీ వెళ్లడమే లేదు’ అని ఎవరో ఒకరు అంటారు. రెండోవారికి అది నిష్ఠూరంగా వినిపిస్తుంది.

నేను గట్టిగా నమ్మే సంగతి ఒకటుంది. ఏడాదికోసారి చేసే పెద్ద టూరు కంటే, వారం వారం పూటసేపు చేసే చిన్న షికారు కొత్త కాపురానికి ఎక్కువ మేలు చేస్తుంది. దానికి పెద్ద ఖర్చు అక్కర లేదు. ముందే ఒక మాట అనుకోవాలి, అనుకున్నదాన్ని ఒక పూటకు సరిపెట్టుకోవాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

మొదటి పని: గురువారం రాత్రి పది నిమిషాలు

శనివారం లేచాక ‘ఈరోజు ఏం చేద్దాం?’ అని మొదలుపెడితే మధ్యాహ్నమైనా ఇల్లు కదలరు. గురువారం రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చుని రెండే విషయాలు తేల్చుకోండి: ఈ వారం బయటకు వెళ్లే పూట ఏది, ఇంట్లో గడిపే సాయంత్రం ఏది. రెండూ కుదరని వారం ఒకటి చాలు.

ఎంపికలో వంతులు పెట్టుకోండి. ఒక వారం ఆమె చెప్పిన చోటు, మరుసటి వారం అతను చెప్పిన చోటు. వంతు ఎవరిదైతే ఏర్పాట్లన్నీ వాళ్లవే: ఎన్నింటికి బయలుదేరాలి, ఏ స్టేషన్‌లో దిగాలి, టిఫిను ఎక్కడ, టికెట్ ఎంత. రెండోవారు సణగకుండా వెంట నడవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ప్రతిసారీ ఒక్కరే ఆలోచించి, అడిగి, ఒప్పించి, తయారుచేసి తీసుకెళ్లాల్సి వచ్చే ఇళ్లలో షికార్లు రెండు నెలల్లో ఆగిపోతాయి. చాలా ఇళ్లలో ఆ బరువు భార్య మీదే పడుతుంది. వంతులు పెట్టేది అందుకే.

ఇంటి పనిని శనివారం పొద్దున ఇద్దరూ కలిసి తెమల్చుకోండి. ఒకరు సరుకులకు వెళితే ఒకరు బట్టల సంగతి చూడాలి. పని ఒకరికి మిగిలి, విశ్రాంతి ఒకరికి దొరికితే సాయంత్రం ఎంత బాగా ఏర్పాటు చేసినా రుచించదు.

డబ్బు విషయం కూడా ముందే అనుకోవడం మంచిది. నెలకు రెండు వేల రూపాయలు ఒక కవరులో వేసి వంటింటి అలమరలో పెట్టండి. నెల మధ్యలో కవరు ఖాళీ అయితే మిగతా వారాలు పార్కు, మేడ, ఇంటి ఆటలు. ఈ హద్దు వల్ల ఖర్చు గురించి ప్రతిసారీ మాట అనుకునే అవసరం ఉండదు.

రెండో పని: బయటి పూటకు మూడు కట్టుబాట్లు

ఒక పూటకు ఒక్క చోటే. చార్మినార్, చౌమహల్లా, సాలార్‌జంగ్, గోల్కొండ అన్నీ ఒక్క రోజులో చుట్టబెట్టడం చుట్టాలను తిప్పేటప్పుడు చేసే పని. ఊళ్లో ఉండేవారికి ఆ తొందరెందుకు? గోల్కొండ రేపూ అక్కడే ఉంటుంది.

పొద్దున్నే బయలుదేరి భోజనం వేళకు ఇల్లు చేరండి. ఎండా, ట్రాఫిక్కూ రెండూ తప్పుతాయి. మధ్యాహ్నం కునుకు కూడా దక్కుతుంది.

ఇద్దరికీ కలిపి ఒక్క ఫోనే బయటకు తీయండి, దారి చూసుకోవడానికి, రెండు మూడు ఫోటోలకు. రెండోది సంచిలో అడుగున ఉండనివ్వండి.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే: రెండు సీసాల నీళ్లు, ఒక పాత దుప్పటి, చిన్న తువ్వాలు, డబ్బాలో పులిహోరో నిమ్మకాయ అన్నమో. పులిహోర ముందు రాత్రే కలిపి పెట్టుకోవచ్చు, పొద్దుటికి పులుపు బాగా పడుతుంది. పెరుగన్నం మాత్రం ఎండాకాలంలో వద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

ఇక ఎక్కడికి? నాకు బాగా ఇష్టమైనవి నాలుగు చెబుతాను.

కుతుబ్‌షాహీ సమాధులు. గోల్కొండ కోటకు వచ్చే జనంలో సగం మంది కూడా పక్కనే ఉన్న ఇక్కడికి రారు. కోట ఎక్కడానికి కాళ్లలో సత్తువ కావాలి. ఇక్కడ చెట్ల మధ్య చదునైన దారుల్లో మాట్లాడుకుంటూ నడవచ్చు. 1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన వంశం వారివి ఈ కట్టడాలు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి అన్నిటిలోకి పెద్దది, దాన్ని చివరికి ఉంచుకోండి. ముందు ‘బడీ బావలీ’ అనే మెట్లబావి దగ్గరికి వెళ్లండి. 2013 వానలకు దాని గోడ ఒక పక్క కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు వారు కూలిన రాళ్లను మళ్లీ పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. బావి పై గట్టు మీద నిలబడి కొత్త రాయి ఎక్కడ, పాత రాయి ఎక్కడ అని ఇద్దరూ వెతకండి, అరగంట తెలియకుండా గడుస్తుంది. ఇంకో సంగతి: ఈ వంశంలో చివరివాడైన అబుల్ హసన్ తానీషా ఇక్కడ లేడు. 1687లో కోటను పట్టుకున్నాక ఔరంగజేబు అతణ్ణి దౌలతాబాద్‌లో బంధించాడు, అతని జీవితం అక్కడే ముగిసింది. మన భక్త రామదాసు కథలోని తానీషా ఈయనే. ఈ కథ తెలిసినవారు తెలియనివారికి నడుస్తూ చెప్పండి.

సాలార్‌జంగ్ మ్యూజియం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు వరుసలో నిలబెట్టి పరుగెత్తించిన చోటు కాబట్టి చాలామంది మళ్లీ వెళ్లరు. పెద్దయ్యాక ఇద్దరే వెళితే అది వేరే మ్యూజియం. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో. పదకొండు గంటలకల్లా లోపల ఉండండి. ముందు ‘మేలిముసుగు రెబెక్కా’ దగ్గరికి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. పాలరాతిలో చెక్కిన పల్చని ముసుగు వెనక ముఖం కనిపిస్తుంటే నమ్మశక్యం కాదు. పన్నెండు కావడానికి పావుగంట ముందే సంగీత గడియారం ఎదుట చోటు చూసుకోండి. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ తలుపు తెరుచుకుని వచ్చి గంట కొట్టి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, అందుకే ఆ వేళకు జనం ఎక్కువ. ఆ తర్వాత మూడు నాలుగు గదులు మాత్రమే చూడండి. ప్రతి గదిలో ఎవరికి వారు ఒక వస్తువును ఎంచుకుని, రెండోవారిని పిలిచి చూపించి, అది ఎందుకు నచ్చిందో చెప్పాలి. రోజూ కలిసి ఉంటున్న మనిషికి దంతపు పనితనం నచ్చుతుందో, కత్తులు నచ్చుతాయో, పింగాణీ నచ్చుతుందో మనకు తెలియదు. అడిగితే గానీ బయటపడని ఇష్టాలు చాలా ఉంటాయి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. షిఫ్టు ఉద్యోగాల వల్ల వారం మధ్యలో సెలవు దొరికేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆబిడ్స్ పాత పుస్తకాలు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటే ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. చెరో రెండు వందలు జేబులో పెట్టుకుని చెరో వైపు వెళ్లండి. నియమం ఒకటే, మీకోసం కొనకూడదు, రెండోవారి కోసం కొనాలి. గంట తర్వాత ఒకచోట కలుసుకుని ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల దగ్గర పుస్తకాలు మార్చుకోండి. ఆమె చిన్నప్పుడు చదివి పోగొట్టుకున్న బాలల పత్రిక పాత సంచిక దొరికిందా, మీ అదృష్టం పండినట్టే.

అనంతగిరి. దీన్ని నెలకో, రెండు నెలలకో ఒకసారి పెట్టుకునే పూర్తి రోజు ప్రయాణంగా ఉంచుకోండి. వికారాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి కొండకు ఆటో. వానలు పడ్డాక, శ్రావణ భాద్రపదాల్లో అడవి పచ్చగా ఉంటుంది. అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని చెట్ల కింద కాలిబాట పట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియం పక్కన పారే మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. తినేవి చేతిలో పట్టుకుని నడవకండి, కోతులు ఊరుకోవు. మీరు తెచ్చిన ప్లాస్టిక్కు మీతోనే ఇంటికి రావాలి. అడవిలో వదిలేసి వచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వెనక్కి వచ్చే రైలు వేళ ముందే చూసుకోండి, చీకటి పడకముందే కొండ దిగండి.

విశాఖలో ఉంటే భీమిలి దారిలో సముద్రం కనిపించే తొట్లకొండ బౌద్ధ ఆరామం, విజయవాడలో ఉంటే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు, వరంగల్‌లో ఉంటే వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు గట్టు. చిన్న ఊళ్లో ఉన్నా పొద్దుటి చెరువు గట్టు, వారపు సంత ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే: ఒక పూట, ఒక చోటు, ఒక డబ్బా పులిహోర.

మూడో పని: ఇంట్లో ఒక సాయంత్రం, ఒకే అంశం

ఇంట్లో ఉన్న సాయంత్రాన్ని టీవీకి అప్పగించడం సులువు. దానికి ఒక పేరు పెడితే మాత్రం మనసు ముందే సిద్ధమవుతుంది. ‘ఈ ఆదివారం అష్టాచెమ్మా’, ‘ఈ శనివారం మీ ఊరి వంట’ అని గురువారమే అనుకోండి. ఆరున్నరకు మొదలు, తొమ్మిదిన్నరకు ముగింపు. ఫోన్లు రెండూ వేరే గదిలో. చేతులకు ఏదో ఒక పని ఉండాలి. ఎదురెదురుగా కూర్చుని ‘మాట్లాడుకుందాం’ అంటే మాటలు రావు. పిండి పిసుకుతుంటే, కాయలు జరుపుతుంటే వాటంతటవే వస్తాయి.

మీ ఊరి వంట. ఒక వారం ఆమె పుట్టింటి వైపు వంటకం, ఒక వారం అతని ఇంటి వైపుది. ఎవరి ఊరిదైతే వాళ్లు నేర్పాలి, రెండోవారు చేయాలి. నేర్పేవారు గరిటె పట్టుకోకూడదు, ఇది ముఖ్యం. మొదటిసారికి సర్వపిండి మంచిది. కరీంనగర్, వరంగల్ వైపు వాళ్లకు దాని గురించి చెప్పక్కర లేదు. కోస్తాలో తపాలచెక్క తిని పెరిగినవారికి కూడా దగ్గరి చుట్టమే.

రెండు కప్పుల బియ్యప్పిండికి గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు ఒక పెద్ద చెంచా, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కరివేపాకు, కొత్తిమీర, దంచిన వెల్లుల్లి జీలకర్ర, కారం, ఉప్పు. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా కలపండి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు చల్లగా ఉండగానే లోపలంతా నూనె రాసి, పిండి ముద్దను అడుగునా, పక్కలకూ పలుచగా ఒత్తండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేయండి. మూతపెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు. అడుగు ఎర్రగా కాలి అంచులు గిన్నెను వదిలితే అయినట్టే, తిరగేయనక్కర లేదు. రెండోది ఒత్తే ముందు గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చాలి, లేకపోతే పిండి పరుచుకోదు, వేళ్లు కాలతాయి. రెండు గిన్నెలుంటే ఒకటి చల్లారేలోపు ఇంకొకటి కాలుతుంటుంది. ఆ మధ్యలో ఇంట్లో దీన్ని ఎవరు చేసేవారు, ఎవరికి మాడిన అంచు ఇష్టం, దేనితో నంజుకునేవారు అన్నీ చెప్పించండి. రాయలసీమ వాళ్లయితే రాగి సంగటి, గోదావరి వాళ్లయితే పనసపొట్టు కూర. పొట్టు కొట్టినది దొరికితేనే ఆ కూర సంగతి ఎత్తండి.

అష్టాచెమ్మా. బోర్డు కొనకండి. సుద్దముక్కతో నేల మీద నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు గళ్లు గీయండి. నాలుగు వైపులా అంచు మధ్య గడిలోనూ, నడిమి గడిలోనూ అడ్డగీతలు వేయండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలను ఒక పక్క గరుకు నేల మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. ఆ పనే ఒక పావుగంట సరదా. ఎదురెదురుగా కూర్చుని చెరో నాలుగు కాయలు పెట్టుకోండి, ఒకరివి గాజు ముక్కలు, ఒకరివి శనగలు. తెలుపు ఎన్ని పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే నాలుగు. ఒక్కటీ తెలుపు కాకపోతే అష్టా, అంటే ఎనిమిది. ఆ రెండు పడినప్పుడు ఇంకో పందెం వేయొచ్చు. బయటి గళ్లన్నీ చుట్టి, లోపలి గళ్లలోకి తిరిగి, నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. ఎదుటివారి కాయ ఉన్న గడిలో మీది పడితే దాన్ని చంపి మళ్లీ మొదటికి పంపవచ్చు. అడ్డగీతల గడిలో ఉన్న కాయను చంపకూడదు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలికి వెళ్లనివ్వకూడదనే నియమం పెట్టుకుంటే ఆట రంజుగా ఉంటుంది. ఓడినవారు ఆ రాత్రి గిన్నెలు తోమాలి.

ఆకాశం సాయంత్రం. పెళ్లిలో పురోహితుడు మీ ఇద్దరినీ బయటకు తీసుకొచ్చి అరుంధతిని చూపించి ఉంటారు. పట్టపగలో, పందిరి దీపాల వెలుగులోనో ఆకాశం వైపు తలెత్తి, కనిపించిందని తలూపి ఉంటారు. దాన్ని నిజంగా చూడటానికి చైత్ర వైశాఖాల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మేడ ఎక్కండి. ఉత్తరం వైపు తిరిగితే సప్తర్షి మండలం సగం ఎత్తున ఉంటుంది. నాలుగు చుక్కల చతురస్రం, దానికి మూడు చుక్కల తోక. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. దాన్ని తదేకంగా చూస్తే ఆనుకుని ఇంకో సన్నని చుక్క కనిపిస్తుంది, అదే అరుంధతి. మేడ మీది బల్బు ఆర్పేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పది పదిహేను నిమిషాలు ఆగండి. ఆ మధ్యలో ఫోను వెలిగించారంటే మళ్లీ మొదటికి వస్తుంది. నగర వెలుగుల వల్ల కనిపించకపోతే ఊరికి వెళ్లినప్పుడు చూడండి. పుష్య మాఘాల్లో అయితే తలపైకి చూడండి. వరుసగా మూడు చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ గీతను ఆగ్నేయం వైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలోకి ప్రకాశవంతమైన లుబ్ధకం. రెండో వైపు పొడిగిస్తే ఎర్రగా రోహిణి, ఇంకాస్త అవతల గుంపుగా కృత్తికలు. మీ జన్మనక్షత్రాలు ఇవైతే మరీ మంచిది. దుప్పటి, రెండు దిండ్లు, వేయించిన పల్లీలు ఉంటే చాలు.

చదివే సాయంత్రం. ఆబిడ్స్‌లో కొన్న పుస్తకాల్లోంచి ఒకరు చదవాలి, ఒకరు వినాలి. పావుగంటకోసారి మారాలి. కథ చిన్నదైతే ఒక సాయంత్రానికి సరిపోతుంది. తెలుగు గడగడా చదవడం అలవాటు తప్పినవారు మొదట్లో తడబడతారు, నవ్వకండి.

పెళ్లి ఆల్బమ్ సాయంత్రం పెళ్లయిన ఏడాదిలోపే చేయండి. పేజీ తిప్పి ‘ఈయన ఎవరు?’ అని అడగాలి. మీ వైపు పెదనాన్నలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు ఎవరెవరో రెండోవారికి ఇలాగే గుర్తుంటుంది. తర్వాతి శుభకార్యంలో ఎదురుపడినప్పుడు వరసపెట్టి పలకరించగలుగుతారు.

నాలుగో పని: అడ్డంకులను ముందే అనుకోవడం

ఒంట్లో బాగోలేని రోజు, నెలసరి నొప్పి ఉన్న రోజు, ఆఫీసు రాత్రి దాకా పీల్చేసిన వారం షికారు వద్దు. రద్దు చేసుకోవడానికి కారణాలు చెప్పించుకోకండి, ‘ఈ వారం వద్దు’ అంటే చాలు. వంతు మాత్రం పోదు, వచ్చే వారానికి జరుగుతుంది.

ముందు రోజు మాటా మాటా వచ్చి ఉంటే? నా సలహా, వెళ్లండి. అయితే మాట్లాడాల్సిన చోటికి వద్దు, నడిచే చోటికి వెళ్లండి. కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండు వేసేసరికి ఎవరో ఒకరు మంచినీళ్ల సీసా అందిస్తారు. తగవు అసలు కారణం పెద్దదైతే పార్కు దాన్ని తీర్చదు, అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

మీ షికార్ల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో ఆ రోజే పెట్టకండి. ఊళ్లో ఉన్న అక్కో బావగారో ‘మా ఇంటికి మాత్రం తీరిక లేదు’ అనుకుంటారు. నెలలో ఒక ఆదివారాన్ని చుట్టాలకూ స్నేహితులకూ ముందే కేటాయిస్తే మిగిలినవాటి మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

ఒక పాత నోటు పుస్తకం పెట్టుకోండి. వెళ్లిన చోటు, ఖర్చు, నచ్చింది, మళ్లీ వెళితే మార్చుకోవాల్సింది, నాలుగు ముక్కలు చాలు. గురువారం రాత్రి ఏం చేయాలో తోచనప్పుడు అదే పనికొస్తుంది.

అత్తమామలో, అమ్మానాన్నలో వచ్చి పది రోజులు ఉంటే మీ సాయంత్రాలు ఆపేయాలని అనుకోకండి. అష్టాచెమ్మా నలుగురాడే ఆట, నాలుగు వైపులా నలుగురు కూర్చోవచ్చు. మీ అత్తగారి ఊళ్లో మొదటి కాయను దించడానికి ఏం పడాలో, ఒకే గడిలో రెండు కాయలుంటే ఏం చేసేవారో అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ వారం ఆట ఆవిడ నియమాలతోనే ఆడండి.